స్కూల్ బోర్డు మెంబర్ల సొంత ఫోన్లలో మెసేజ్‌లు మనం అడగొచ్చా? (టెక్సాస్)

ప్రశాంతి_టెక్సాస్:
మా స్కూల్ డిస్ట్రిక్ట్‌లో కొత్త స్కూల్ వస్తోంది, ఏ ఇంటి పిల్లలు ఏ స్కూల్‌కి వెళ్లాలో చెప్పే బౌండరీలు మారుస్తున్నారు. మూడు మ్యాపులు పెట్టి అభిప్రాయాలు అడిగారు. తీరా మొన్నటి మీటింగ్‌లో ఎవరూ చూడని నాలుగో మ్యాప్ తెచ్చారు, అందులో మా సబ్‌డివిజన్‌ని (అదే, మా కాలనీని) నడిమధ్యకి కోసేశారు. ఇది ఎక్కణ్నుంచి ఊడిపడిందో తేలాలని ట్రస్టీల (బోర్డు మెంబర్ల) ఈమెయిళ్లు, టెక్స్ట్‌లు అడుగుతూ పబ్లిక్ ఇన్ఫర్మేషన్ రిక్వెస్ట్ (మన ఆర్టీఐ లాంటిది) పెట్టాను. మా వాట్సాప్ గ్రూపులో సగం మందేమో "సొంత ఫోన్లు కదా, మరీ అంత అడగడం బాగోదు" అంటున్నారు. మీరేమంటారు?

సుబ్బు_కేటీ:
బాగోదనే అంటాను. టెక్సాస్‌లో ట్రస్టీలకి జీతం లేదు. పగలు ఉద్యోగం, రాత్రి మీటింగు, మధ్యలో మన తిట్లు. ఇప్పుడు ఫోన్ కూడా తెరిచి చూపించమంటే మంచివాడెవడూ పోటీ చెయ్యడు, మిగిలేది రాజకీయం కోసం వచ్చేవాళ్లే.

నాగమణి:
సుబ్బు గారూ, ఫోన్ ఎవరడిగారండీ? వాళ్లావిడకి పాలు తెమ్మని పెట్టిన మెసేజ్ మనకెందుకు? బోర్డు పని గురించి రాసింది ఏ ఫోన్లో ఉన్నా పబ్లిక్ రికార్డే. 2019లో టెక్సాస్ చట్టం మార్చి, సొంత ఫోన్‌లో ఉన్నా ఆఫీసు అడిగాక 10 రోజుల్లో అప్పగించాలని రాశారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కూడా 2017లో శాన్ హోసే కేసులో ఇదే చెప్పింది. బోర్డుల్లో ఎక్కువగా ఏడుగురే ఉంటారు, నలుగురు మెసేజ్‌లలో మాట కుదుర్చుకుంటే ఇక మీటింగ్ ఉత్త నాటకం.

సుబ్బు_కేటీ:
సరే, ఏది బోర్డు పని, ఏది కాదు అని వెతికేది ఎవరు? ఆ ట్రస్టీయే కదా. దాచాలనుకున్నవాడు దాచేస్తాడు, నిజాయితీగా ఉన్నవాడు మాత్రం శనివారమంతా కూర్చుని స్క్రీన్‌షాట్లు తీస్తాడు. ఎవరికి శిక్ష పడినట్టు?

నాగమణి:
ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటా. కానీ మెసేజ్‌కి అవతలి వైపు ఇంకొకరుంటారు, వాళ్ల ఫోన్‌లోనూ అది ఉంటుంది. ఒకరిచ్చి ఇంకొకరు ఇవ్వకపోతే తెలిసిపోతుంది.

కిరణ్_హెచ్1బి:
చిన్న డౌట్. వీసా మీద ఉన్నవాళ్లు అడిగితే ప్రాబ్లమ్ ఏమీ ఉండదా? మా ఆవిడ టెన్షన్ పడుతోంది.

నాగమణి:
టెక్సాస్‌లో ఎవరైనా అడగొచ్చు కిరణ్ గారూ, ఎందుకని అడిగే హక్కు కూడా వాళ్లకి లేదు. వర్జీనియాలో అయితే ఆ రాష్ట్రం వాళ్లకే, అది వేరే కథ.

పాత_పీటీఏ_రమేష్:
మీ ఇద్దరూ ఫోన్ల దగ్గరే ఆగిపోయారు. అసలు దెబ్బ గడువుల్లో ఉంది. ఇవ్వడం ఇష్టం లేకపోతే డిస్ట్రిక్ట్ 10 పనిదినాల్లోపు అటార్నీ జనరల్‌కి (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారికి) రాస్తుంది, అక్కడ తేల్చడానికి ఇంకో 45 పనిదినాలు. ఈలోపు బోర్డు ఓటేసేస్తుంది, పిల్లలు కొత్త స్కూల్లో చేరిపోతారు, అప్పుడు ఆ మెసేజ్‌లు వచ్చి ఏం లాభం? "అన్ని ఈమెయిళ్లు" అని వలేసినట్టు అడిగితే ఖర్చు కూడా వేస్తారు, వెతికే పనికి గంటకి 15 డాలర్లు. 50 పేజీల్లోపు కాగితాలైతే మామూలుగా ఆ కూలీ ఉండదు. ప్రశాంతి గారూ, ఓటింగ్ ఎప్పుడు?

ప్రశాంతి_టెక్సాస్:
వచ్చే నెల రెండో సోమవారం. నేను రెండేళ్ల ఈమెయిళ్లన్నీ అడిగేశానండీ 😬

పాత_పీటీఏ_రమేష్:
దాన్ని అలాగే ఉంచి, నాలుగో మ్యాప్‌కీ, దాని వెనక ఉన్న విద్యార్థుల సంఖ్యల షీట్‌కీ వేరే రిక్వెస్ట్ ఇవాళే పెట్టండి. పిల్లల పేర్లు వద్దని ముందే రాయండి, లేకపోతే ఫెర్పా (విద్యార్థుల వివరాలు బయటపెట్టకూడదనే ఫెడరల్ చట్టం) పేరు చెప్పి ఆపుతారు. మ్యాప్ గీసిన కన్సల్టెంట్‌కి డిస్ట్రిక్ట్ పంపిన ఈమెయిళ్లు కూడా, మూడు మ్యాపులు పెట్టినప్పటి నుంచి నాలుగోది తెచ్చేదాకా ఉన్న వారాలవి మాత్రమే.

సుబ్బు_కేటీ:
ఇదైతే నాకూ అభ్యంతరం లేదు. ఫోన్ల సంగతి మాత్రం నా మాట మీదే ఉన్నా.