క్రేయాన్ మరకలు: తెల్ల చొక్కాలు, దుప్పటి, కడప బండలు. మీకు ఏది పనిచేసిందో చెప్పండి

కొర్లగుంట అమ్మ
అందరికీ నమస్కారం. మేం తిరుపతి కొర్లగుంటలో అద్దెకుంటున్నాం. మా పాపకు నాలుగేళ్లు, రంగులంటే ప్రాణం. సోమవారం సాయంత్రం బడి నుంచి వచ్చిన యూనిఫాం జేబు చూడకుండా మెషీన్లో వేసేశాను, తెల్లబట్టలు కదా అని నీళ్లు 60 డిగ్రీలకు పెట్టాను. జేబులో వేలెడంత ఎర్ర క్రేయాన్ ఉంది. మెషీన్ తలుపు తీసేసరికి ఐదు చొక్కాల మీదా ఎర్ర చుక్కలు, కొన్నిచోట్ల అరచేయంత మచ్చలు. డ్రమ్ము లోపల కూడా అంటుకుంది. టెన్షన్‌లో మళ్లీ సబ్బేసి ఉతికి మిద్దె మీద ఆరేశాను, ఇప్పుడు మచ్చ ఇంకా గట్టిగా పట్టుకున్నట్టుంది. ఇది కాక నీలం కాటన్ దుప్పటి మీద పచ్చ గీతలు, సోఫా కవర్ మీద ఏదో నారింజ రంగు, హాల్లో కడప బండల మీద గోడ దాకా పెద్ద ఇంటి బొమ్మ. ఇంటి ఓనరు పదో తారీకు వస్తారు. బండల సంగతే ఎక్కువ భయంగా ఉంది. ఎవరైనా చేసి చూసినవాళ్లు చెప్పండి, దయచేసి.

మిట్టూరు ఇస్త్రీ
అక్కా, మాది చిత్తూరు మిట్టూరు, నాన్న ఇరవై ఏళ్లుగా ఇస్త్రీ బండి నడుపుతున్నాడు, ఇలాంటి బట్టలు నెలకు రెండు మూడైనా వస్తాయి. ముందు ఒకటి తెలుసుకోండి. క్రేయాన్ అంటే మైనంలో కలిపిన రంగు. కొవ్వొత్తిలో ఉండే మైనమే, దాదాపు 50, 60 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. మీరు పెట్టిన వేడికి అది కరిగి దారాల్లోకి దిగింది, మిద్దె మీద ఎండకు మళ్లీ మెత్తబడి ఇంకా లోపలికి పోయింది. అందుకే మైనం పోయేదాకా బట్టను ఎండలో వేయొద్దు. మైనం ఒక మరక, రంగు ఇంకో మరక. మైనం తీయకుండా రంగు మీద ఎంత సబ్బు రుద్దినా నీళ్లు దారం దాకా పోవు.

దుప్పటికి ఇలా చేయండి. ఐసు ముక్కలు కవర్లో వేసి గీత మీద పది నిమిషాలు పెట్టండి, మైనం పెళుసుగా అయిపోతుంది, అప్పుడు చెంచా అంచుతో గీకితే పెచ్చులుగా లేస్తుంది. కత్తి వద్దు, దారం తెగుతుంది. తర్వాత దుప్పటి కింద ఒక తెల్ల కాగితం, పైన ఇంకొకటి పెట్టి ఆవిరి లేకుండా ఇస్త్రీ పెట్టె తక్కువ వేడి మీద నెమ్మదిగా అద్దండి. రుద్దకూడదు, అద్ది ఎత్తాలి. కాగితం మీద పచ్చ మరక నూనె పడ్డట్టు కనిపిస్తుంది, అదే మైనం పైకొచ్చిన గుర్తు. ప్రతిసారీ కాగితం కొత్తచోటుకు జరపాలి. మరక దిగడం ఆగేదాకా నాన్న ఏడెనిమిదిసార్లు చేస్తాడు.

కె.టి.రోడ్ పద్మ
నేను ఈ ఇస్త్రీ పద్ధతి న్యూస్‌పేపర్‌తో చేసి చెడగొట్టుకున్నాను. పేపరు మీది నల్ల సిరా మా అబ్బాయి చొక్కాకు దిగింది, అదొక కొత్త మరక. పైగా పాలిస్టర్ కావడంతో వేడికి మెరుపు మెరుపుగా అచ్చు పడింది. అంతకంటే ఐసు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్షు చాలు అనిపిస్తుంది నాకు.

మిట్టూరు ఇస్త్రీ
నిజమే అక్కా, నేను చెప్పలేదు. న్యూస్‌పేపర్ అస్సలు వద్దు, కిచెన్ టిష్యూ కానీ అచ్చు లేని తెల్ల కాగితం కానీ వాడాలి. పాలిస్టర్‌కు, సిల్కుకు ఇస్త్రీ దారి కాదు, అది కాటన్‌కే. బొగ్గుల పెట్టెతో ఇంట్లో ఎవరూ ప్రయత్నించొద్దు, వేడి మన చేతిలో ఉండదు.

తిరుచానూరు రోడ్ లక్ష్మి
చొక్కాల సంగతి నేను చెబుతాను, పోయిన ఏడాది మా ఇంట్లో ఇదే జరిగింది, అప్పుడు పన్నెండు బట్టలు. ముందు ఒక్కో చొక్కాను విడదీసి చూడండి, జేబు దగ్గర, కాలర్ మడతలో గట్టి ముక్కలు ఇరుక్కుని ఉంటాయి, అవన్నీ ఐసు పెట్టి గీకేయండి. ఇక మిగిలిన మచ్చ మీద గిన్నెలు తోమే లిక్విడ్ చిక్కగా పూసి ముప్పావు గంట వదిలేయండి. అది గిన్నెల జిడ్డును పట్టుకున్నట్టే మైనాన్నీ పట్టుకుంటుంది. ఆ తర్వాత బకెట్‌లో చేతికి బాగా వేడి తగిలే నీళ్లు, అందులో బట్టల పౌడరు, రెండు గరిటెలు వంటసోడా. గంట నానబెట్టి, అట్లాగే ఉతికి, వెంటనే వేడి నీళ్లతో జాడించండి, నీళ్లు చల్లారేదాకా ఉంచితే పైకి తేలిన మైనం మళ్లీ బట్టకే అంటుకుంటుంది. నేను మొదటిసారి ఆ తప్పే చేశాను, తేలినదంతా కాలర్‌కు తెల్లగా అతుక్కుంది.

మైనం పోయాక ఎర్ర జాడ మాత్రం మిగులుతుంది. దానికి ఆక్సిజన్ బ్లీచ్ పౌడరు, అంటే క్లోరిన్ లేనిది, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. క్లోరిన్ బ్లీచ్ మైనం మీద పనిచేయదు, పైగా చొక్కా పసుపెక్కొచ్చు. నేను మూడు రాత్రులు నానబెడితే గానీ తెల్లబడలేదు, ఓపిక పట్టండి.

మెషీన్ మర్చిపోవద్దు. డ్రమ్ము రంధ్రాల్లో, తలుపు రబ్బరు మడతలో మైనం ఉండిపోతుంది, రేపు వేరే బట్టలకు అంటుకుంటుంది. లోపల కొంచెం వేడి ఉండగానే, కరెంటు తీసేసి, సబ్బు నీళ్లలో ముంచిన పాతగుడ్డతో తుడిచి, తర్వాత నాలుగు పాత తుండుగుడ్డలు వేసి ఎక్కువ వేడి మీద ఒక్క సైకిల్ తిప్పండి. తుండుగుడ్డలకు ఏ మరకా అంటకపోతేనే మీ బట్టలు వేయండి.

బైరాగిపట్టెడ రమణ
మా అమ్మమ్మ కిరసనాయిలుతో తీసేది, గుడ్డకు అద్దితే క్షణంలో పోయేది. అది చేస్తే సరిపోతుంది కదా?

తిరుచానూరు రోడ్ లక్ష్మి
అన్నా, పనిచేస్తుంది, కాదనను. కానీ ఇల్లంతా వాసన, చిన్నపిల్లలున్న ఇల్లు, పక్కనే గ్యాస్ స్టవ్వు, తర్వాత ఇస్త్రీ పెట్టె. కిరసనాయిలు తడి ఉన్న బట్ట మెషీన్లో పడితే ప్రమాదం. ఈ ఒక్క విషయంలో దయచేసి అమ్మమ్మ పద్ధతి వద్దు. తప్పనిసరైతే పెయింట్ షాపుల్లో దొరికే టర్పెంటైన్ దూది మీద రెండు చుక్కలు, కిటికీలు తీసి, పిల్లలు లేనప్పుడు, తర్వాత చేత్తో సబ్బేసి ఉతికి పూర్తిగా వాసన పోయాకే మిగతా పని.

చంద్రగిరి బండల పని
మేం ఇళ్లకు బండలు పరుస్తాం, పాలిష్ పెడతాం. కొర్లగుంట అక్కా, ఒక్క మాట గుర్తుంచుకోండి: కడప బండ మీద నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, టాయిలెట్ కడిగే యాసిడ్, ఏదీ వేయొద్దు. కడప బండ సున్నపురాయి జాతి, పులుపు తగిలితే పైన మెరుపు పోయి తెల్లగా మచ్చ దిగుతుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు, మళ్లీ రాయి అరగదీసి పాలిష్ పెట్టాలి. ఓనరుతో గొడవ క్రేయాన్ వల్ల కాదు, యాసిడ్ వల్ల వస్తుంది. పాలరాయికీ ఇదే మాట. పోయిన సంవత్సరం ఒక ఇంట్లో పిల్లవాడి గీతకు యాసిడ్ పోశారు, నల్ల బండ మీద చేయంత పొడవు బూడిద చారలు, ఎండ పడినప్పుడు మాత్రమే కాదు, రాత్రి లైటుకీ కనిపించేవి.

పాత ప్లాస్టిక్ కార్డు, ఏటీఎం కార్డు లాంటిది, బండకు ఏటవాలుగా పెట్టి గీకండి. ఇనుప పీచు, బ్లేడు వద్దు. మైనం పెచ్చులుగా వచ్చాక గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి గుడ్డ, గుండ్రంగా తిప్పుతూ. గీత గరుకు రాయి సందుల్లో దిగితే హెయిర్ డ్రయ్యర్ ఐదారు సెకన్లు దూరం నుంచి పెట్టి, వెంటనే టిష్యూతో అద్ది తీయండి. కొబ్బరినూనెతో తీయమని కొందరు చెబుతారు, విట్రిఫైడ్ టైల్స్‌కైతే పర్లేదు, రాయి మాత్రం నూనె తాగుతుంది, ముదురు మచ్చ మిగులుతుంది. పని అయ్యాక తప్పకుండా సబ్బు నీళ్లతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి, మిగిలిన మైనం మీద సాక్స్ వేసుకున్న పిల్లలు జారిపడతారు. టైల్స్ ఇళ్లలో సందులకు వంటసోడా ముద్ద, పాత టూత్ బ్రష్షు. ఎర్ర ఫ్లోరింగ్ ఉన్న పాత ఇళ్లలో సబ్బు నీళ్లే వాడండి.

శ్రీకాళహస్తి వాసి
ఇదే సందర్భంలో అడుగుతున్నాను. నాది పెన్ కలంకారీ దుపట్టా, మేనకోడలు మీద నీలం గీత గీసింది. ఇస్త్రీ పెట్టొచ్చా?

మిట్టూరు ఇస్త్రీ
కాటన్ దుపట్టాయేనా? ఐతే లోపలివైపు నుంచి, తక్కువ వేడితో, రెండు కాగితాల మధ్య పెట్టొచ్చు. కానీ ముందు అంచు దగ్గర చూసుకోండి. సోడా, బ్లీచ్, నిమ్మకాయ మాత్రం వద్దు. కలంకారీలో నలుపు బెల్లం, ఇనుప తుప్పుతో ఊరబెట్టిన రంగు కరక్కాయ పట్టిన బట్టతో కలిసి వచ్చేది, పులుపు తగిలితే పలచబడుతుంది. కొంచెం రంగు మిగిలిపోయినా అలాగే వదిలేయడం మంచిది, చేతితో గీసిన బొమ్మ మళ్లీ రాదు.

కె.టి.రోడ్ పద్మ
కొర్లగుంట అమ్మగారూ, సోఫా కవర్ మీది నారింజ రంగు ముట్టుకుంటే చేతికి అంటుతోందా? అంటుతుంటే అది క్రేయాన్ కాదు, ఆయిల్ పేస్టెల్. రెండూ ఒకేలా ఉంటాయి కానీ పేస్టెల్‌లో నూనె కూడా ఉంటుంది, వేడి చూపిస్తే ఇంకా పారుతుంది. దానికి ముందు టాల్కమ్ పౌడరు చల్లి రెండు గంటలు వదిలి దులపండి, నూనె పీల్చుకుంటుంది, తర్వాత లిక్విడ్. డబ్బా మీద వాషబుల్ అని ఉంటే అదృష్టం, మామూలు సబ్బు నీళ్లకే పోతుంది, ఇక మీదట అవే కొనండి.

కొర్లగుంట అమ్మ
అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే. నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. దుప్పటి తొమ్మిదోసారి కాగితం మార్చేసరికి పూర్తిగా పోయింది, నేను తెల్ల కాగితం మీద పచ్చ గుండ్రాలు చూస్తూ కూర్చున్నాను, పాప వాటిని బొమ్మలనుకుని తీసి దాచుకుంది. చొక్కాల్లో నాలుగు తెల్లబడ్డాయి, జేబు ఉన్న చొక్కా ఒక్కటి కుట్టు దగ్గర లేత గులాబీ జాడ మిగిలింది, ఇంకో రెండు రాత్రులు నానబెడతాను. మెషీన్ తుండుగుడ్డలు మొదటిసారి ఎర్రగా వచ్చాయి, రెండోసారి తెల్లగా. బండల మీది ఇల్లు కార్డుతో గీకితే అరగంటలో పోయింది, చంద్రగిరి అన్న చెప్పకపోతే నిమ్మకాయ చెక్క పట్టుకునే దాన్ని, సగం కోసి పక్కన పెట్టుకున్నాను కూడా.

సోఫా కవర్ ముట్టుకున్నాను, చేతికి అంటింది. పౌడరు చల్లాను. రేపు పొద్దున దులిపి మళ్లీ రాస్తాను.