బాగా ఆడిన రోజు కఫం తీసే వ్యాయామం మానవచ్చా?

ప్రశ్న (తిరుపతి నుంచి ఒక తల్లి):
మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే, పుట్టుకతో వచ్చే జబ్బు). బడికి వెళ్లే ముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి నెబ్యులైజర్ పెట్టి, గోళీ ఉన్న పరికరంలో ఊదించి కఫం తీయిస్తాం. ఈమధ్య సాయంత్రం క్రికెట్ ఆడి, చెమటతో తడిసి వచ్చి, "ఇంత పరుగెత్తాను కదమ్మా, ఇక ఊదడం ఎందుకు?" అంటున్నాడు. నిజమే, ఆడాక కాస్త కఫం పడుతోంది. ఆ పూట మానిపించవచ్చా? ఇంకొకటి, వేసవి సెలవుల్లో వాడిని అలిపిరి మెట్ల మీదుగా కొండకు నడిపిస్తానని మా మామగారు మొక్కుకున్నారు. ఊపిరి జబ్బున్న పిల్లవాడికి మెట్లేమిటని అత్తగారి గొడవ.

జవాబు (చిత్తూరు నుంచి ఒక తల్లి):
మా అమ్మాయికీ ఇదే జబ్బు. ఆట ఉన్నా ఊదడం మానిపించం. తాడాట ఆడుతున్నప్పుడు మధ్యలో ఆపి, హఫ్ (గొంతు తెరిచి "హా" అని గాలిని బలంగా వదలడం) చేయించి, మళ్లీ ఆడిస్తాం. కొండకు వెళ్లేటప్పుడు చెప్పండి చెల్లీ, మేమూ వస్తాం. పిల్లలిద్దరూ కలిసి ఎక్కుతారు.

జవాబు (ఫిజియోథెరపిస్టు, తిరుపతి):
అమ్మా, బాబును ఆడనివ్వండి, పరుగెత్తనివ్వండి. ఆయాసంతో లోతుగా పీల్చే గాలి సన్న నాళాల్లోని కఫాన్ని కదిలించి పైకి తెస్తుంది. కానీ కదిలింది బయటికి రావాలి కదా. అక్కడే ఉండిపోతే సూక్ష్మక్రిములకు అదే నెలవు. గోళీ ఎగిరెగిరి పుట్టించే అదురు, ఆ వెంటనే చేసే హఫ్, ఈ రెండు పనులూ క్రికెట్ చేయలేదు. అందుకే ఆట అయ్యాక, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడే ఊదించండి. కఫం తేలిగ్గా వస్తుంది, సమయమూ కలిసొస్తుంది. వరుస మాత్రం తప్పవద్దు: ముందు నాళాలను తెరిచే మందు, తర్వాత నెబ్యులైజర్‌లో 7 శాతం ఉప్పునీరు, ఆపైన ఊదడం. పీల్చే యాంటీబయాటిక్ ఉంటే అది చివర.

హఫ్ సరిగా వస్తోందా చూడాలంటే చిన్న అద్దం నోటి ముందు పట్టండి. గొంతు తెరిచి "హా" అని వదిలితే అద్దమంతా మసకబారుతుంది. గొంతు బిగించి దగ్గితే నాళాలు మూసుకుపోయి కఫం లోపలే ఆగుతుంది.

మెట్ల సంగతి. ఎక్కవచ్చు, మీ డాక్టరు సరేనంటేనే. మే నెలలో మాత్రం వద్దు, మొక్కును డిసెంబరుకు జరపండి, స్వామి ఏమీ అనుకోడు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, గాలిగోపురం దాకా ఎక్కుడే ఎక్కుడు. ఈ పిల్లల చెమట గ్రంథులు ఉప్పును వెనక్కి తీసుకోలేవు. ఆడి వచ్చాక బాబు చొక్కా కాలరు ఆరనిచ్చి చూడండి, తెల్లటి చారలు కనిపిస్తాయి. పోయింది ఆ ఉప్పే. పైగా ఉప్పు తగ్గితే దాహం కూడా సరిగా వేయదు. అడిగినప్పుడు ఇద్దామని ఊరుకోకుండా మధ్యమధ్యలో ఓఆర్ఎస్ తాగించండి, ఎంతన్నది డాక్టరును అడగండి.

చిత్తూరు అమ్మకు ఒక మాట. మీ ప్రేమ అర్థమవుతోంది, అయినా చెప్పక తప్పదు. ఈ జబ్బున్న పిల్లలిద్దరూ కలిసి కొండెక్కకూడదు. ఒకరి ఊపిరితిత్తుల్లోని క్రిములు రెండోవారికి అంటుకుంటే వదిలించడం చాలా కష్టం. ఆరుబయటైనా సరే, ఇద్దరి మధ్య కనీసం రెండు మీటర్ల దూరం ఉండాలి. వీడియో కాల్‌లో కలపండి. ఒకే వేళకు ఇద్దరూ ఊదుకుంటే బాబుకు తోడు దొరుకుతుంది, ఎందుకు ఊదాలని అడగడమూ తగ్గవచ్చు.