బోరాట్ సినిమా చూసి కజకిస్తాన్ అంటే భయపడేవాళ్లకి ఏం చెప్పాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
కజకిస్తాన్‌లోని అల్మటీ నగరానికి ఎంబీబీఎస్‌కి వెళ్లే పిల్లలకీ వాళ్ల అమ్మానాన్నలకీ అరగంట అవగాహన తరగతి పెడుతున్నాం. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు బోరాట్ గురించి, అంటే కజకిస్తాన్ నుంచి అమెరికా వెళ్లిన మొరటు విలేకరిగా ఒక కమెడియన్ వేసిన వేషం గురించి, అడుగుతున్నారు. ఒక కమెడియన్ వేషం ఒక దేశానికి ఇంతలా ఎలా అంటుకుంది? ఎలా చెబితే వాళ్ల బుర్రకెక్కుతుంది?

జవాబు (మొగల్రాజపురం, విజయవాడ):
ముందు సినిమాలో బోరాట్ సొంతూరిగా చూపించిన ఊరి సంగతి తేల్చెయ్యండి. 2006లో వచ్చిన ఆ సినిమాలో కనిపించే పల్లె రొమేనియాలోని గ్లోడ్. బోరాట్ వేషం వేసిన సాషా బారన్ కోహెన్ మాట్లాడేది ఎక్కువగా హీబ్రూ, పక్కనుండే కెన్ డేవిటియన్‌ది అర్మేనియన్. కజక్ టర్కిక్ కుటుంబానికి చెందిన భాష, ఈ రెంటితోనూ దానికి చుట్టరికం లేదు.

ఇక అంటుకోవడం అంటారా, అక్కడ ఖాళీ ఉంది కాబట్టి. ఫ్రాన్స్ మీద జోకేస్తే ఈఫిల్ టవరు అడ్డొస్తుంది. కజకిస్తాన్ అనగానే పడమటి దేశాల ప్రేక్షకుడికి గుర్తొచ్చే బొమ్మే లేదు, వేషమే బొమ్మయి కూర్చుంది. 2012లో కువైట్ షూటింగ్ పోటీల్లో కజకిస్తాన్ షూటర్ మరియా ద్మిత్రియెంకో బంగారు పతకంతో గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడితే, నిర్వాహకులు అసలు జాతీయ గీతం బదులు ఇంటర్నెట్ నుంచి దించుకున్న సినిమా పేరడీ గీతాన్ని వినిపించారు. పొటాషియం ఎగుమతిలో మాదే పైచేయి అని ఆ పాట. అసలు ఆ దేశం ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నది యురేనియం ఉత్పత్తిలో.

జవాబు (అరండల్‌పేట, గుంటూరు):
సినిమా వెక్కిరించింది అమెరికా వాళ్లనే కదండీ?

జవాబు (మొగల్రాజపురం):
నిజమే. కానీ అది అర్థమయ్యేది అసలు దేశం తెలిసినవాళ్లకే. మన విషయంలోనూ ఇంతే జరిగింది. అమెరికా కార్టూన్ సింప్సన్స్‌లో అపూ అనే భారతీయ దుకాణదారుడి పాత్రకి గొంతిచ్చిన హ్యాంక్ అజారియా, 1968లో బ్రిటిష్ నటుడు పీటర్ సెల్లర్స్ ఒక సినిమాలో వేసిన భారతీయుడి వేషాన్ని నమూనాగా పెట్టుకున్నాడు. అంటే నకలుకి నకలు. తెలుగు కుటుంబంలో పుట్టిన కమెడియన్ హరి కొండబోలు 2017లో దాని మీద డాక్యుమెంటరీ తీశాక పెద్ద చర్చే నడిచింది. 2020లో అజారియా ఆ పాత్ర వదిలేశాడు.

జవాబు (బెంజ్ సర్కిల్, విజయవాడ):
తరగతిలో క్లిప్ వెయ్యకండి. పెద్దల ముందు చూపించలేని మాటలున్నాయి, పైగా నవ్వు మొదలైతే తర్వాత చెప్పేది ఎవరూ వినరు. మొదటి ఐదు నిమిషాలు చీటీలిచ్చి, కజకిస్తాన్ గురించి తెలిసినవి మూడు రాయమనండి. చాలా చీటీలు ఖాళీగానే వస్తాయి, ఆ ఖాళీనే చూపించండి. తర్వాత మ్యాపు: 27 లక్షల చదరపు కిలోమీటర్లు, విస్తీర్ణంలో ప్రపంచంలో తొమ్మిదోది. అల్మటీ వెనక మంచుకొండల ఫొటో ఒకటి, ఆ కొండల్లో పెరిగే అడవి ఆపిల్ ఫొటో ఒకటి పెట్టండి. మనం తినే ఆపిల్‌కి మూలం ఆ చెట్టే. గ్లోడ్ మాట వీటి తర్వాతే ఎత్తండి. ముందే ఎత్తితే ఇంటికెళ్లాక గుర్తుండేది ఆ పల్లె ఒక్కటే.