రాత్రి టీవీ చర్చలను వినోదంగా చూడటం తప్పా?

ముషీరాబాద్ పెద్దాయన:
నిన్న మా అల్లుడు "ఆ అరుపులు ఎలా చూస్తారు మామయ్యా" అంటూ టీవీ కట్టేశాడు. మనసు నొచ్చుకుంది, అందుకే అడుగుతున్నాను. తెర మీద ఆరు గళ్ళు, ఆరుగురు మనుషులు, ఒకరి మాట ఒకరు వినరు. ఎవరు మైకు తీసేసి లేచిపోతారో నేను ముందే చెప్పేస్తాను. మా ఆవిడ పోయాక ఇంట్లో నాలుగు గొంతులు వినబడేది ఆ గంటసేపే. ఇందులో తప్పేముంది?

కొత్తపేట అధ్యాపకురాలు:
తప్పే. మీరు చూస్తున్నారు కాబట్టే వాళ్ళు అరుస్తున్నారు. 2021 ఫిబ్రవరిలో ఒక తెలుగు చానెల్ ప్రత్యక్ష ప్రసారంలో ఒక అతిథి మరొకరిపై చెప్పుతో దాడి చేశాడు. ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ రోజు చర్చ దేని మీదో ఎందరికి గుర్తుంది?

అశోక్‌నగర్ అభ్యర్థి:
గ్రూప్స్ ఉద్యోగ పరీక్షలకి పనికొస్తుందని మా గదిలో రోజూ చర్చలు పెడతాం. నోట్సులో రాసుకోదగ్గ ముక్క ఒక్కటీ దొరకదు.

ముషీరాబాద్ పెద్దాయన:
ఆ దాడి చూసి నేను నవ్వలేదమ్మా. ఒకటి చెప్పండి, 2023 నవంబరు 30న అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వేశారా? హైదరాబాద్ జిల్లాలో పోలింగు సగం కూడా దాటలేదు. నేను పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడ్డాను. చర్చలు చూసేవాళ్ళను తప్పుపట్టేవారు ఆ రోజు ఎక్కడున్నారు?

నారాయణగూడ పాఠకుడు:
అధ్యాపకురాలి గారి వాదనలో ఒక చిక్కుంది. టీవీ రేటింగుల్లో మోసం జరిగిందన్న టీఆర్పీ కేసు తర్వాత 2020 అక్టోబరు నుంచి 2022 మార్చి వరకు వార్తా చానెళ్ళ రేటింగులు ప్రకటించలేదు. మీరు చెప్పిన దాడి ఆ మధ్యలోనే జరిగింది. మరి అరుపులకు ప్రేక్షకుడొక్కడే కారణం ఎలా అవుతాడు?

కొత్తపేట అధ్యాపకురాలు:
లెక్కలు ప్రకటించకపోతే చూసేవాళ్ళు లేనట్టా?

ముషీరాబాద్ పెద్దాయన:
ఓటు సంగతి చెప్పలేదు.

కొత్తపేట అధ్యాపకురాలు:
వేశాను! ప్రతి ఎన్నికలోనూ వేశాను. మా నాన్నది తెనాలి, నేను పుట్టి పెరిగింది ఇక్కడే. 2009 డిసెంబరు 9న తెలంగాణ ఇస్తామన్న ప్రకటన తర్వాత రోజూ రాత్రి చర్చల్లో "మనం", "వాళ్ళు". తెల్లారితే స్టాఫ్ రూములో అవే మాటలు. పదకొండేళ్ళు నా డబ్బాలో గోంగూర పచ్చడి తిన్న స్నేహితురాలు ఆ నెలలో కుర్చీ మార్చుకుంది. ఇప్పటికీ మాటల్లేవు. మీకు గంటలో అయిపోయే ఆట మా ఇంట్లో ఏళ్ళ తరబడి సాగింది.

ముషీరాబాద్ పెద్దాయన:
ఆమె చేసింది తప్పు. కానీ ఆ చర్చలను ఇప్పటి వాటితో కలపవద్దు. నేను ముప్పై ఆరేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేశాను. తెలంగాణ కొలువుల్లోని స్థానికేతరులను వెనక్కి పంపాలని 1985లో 610 జీవో వచ్చింది, దాని అమలు కోసం తిరగని గది లేదు. సినిమాల్లో మా యాస రౌడీలకూ హాస్యానికీ తప్ప పనికిరాలేదు. అలాంటిది, మా భాషలో మా నీళ్ళ గురించి, మా కొలువుల గురించి ఒక మనిషి గట్టిగా అడుగుతుంటే కళ్ళు తుడుచుకుంటూ విన్నాను. అది కాలక్షేపం కాదు. ఇప్పుడు ఆ గళ్ళలో అలాంటి మాట లేదు, అందుకే ఆటలా చూస్తున్నాను.

అశోక్‌నగర్ అభ్యర్థి:
ఇద్దరూ కోప్పడకండి.

కొత్తపేట అధ్యాపకురాలు:
మీ గుండెకు తగిలితే చర్చ, తగలకపోతే ఆటా? 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డు ఇళ్ళకు ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. మా విద్యార్థిని ఇంటి గోడ మీదా వేశారు. ఇల్లు తీసేస్తే ఎక్కడికి పంపుతారో ఎవరైనా చెబుతారేమోనని ఆ పిల్ల రాత్రి పదింటిదాకా టీవీ ముందు కూర్చుంది. ఆరుగురూ ఒకరినొకరు తిట్టుకుని వెళ్ళిపోయారు.

ముషీరాబాద్ పెద్దాయన:
మూసీ మీద చర్చలు నేనూ చూశాను. ఆ అమ్మాయి వాళ్ళ ఇల్లు ఉందా?