హెచ్‌డీ ఛానెల్లో 5.1 (ఆరు ఛానెళ్ల) శబ్దం యాంప్లిఫయర్‌కి చేరడం లేదు, ఎక్కడ ఆగుతోంది?

ఊరు తిరుపతి. టీవీ 1920×1080, డిష్ బాక్సు హెచ్‌డీదే, రెంటికీ మధ్య హెచ్‌డీఎంఐ. బొమ్మతో పేచీ లేదు. ఎస్‌డీ ఛానెల్ తక్కువ స్పష్టత బొమ్మని (576ఐ) బాక్సు సాగదీసి 1080ఐగా పంపుతోంది కాబట్టి అది మసకగా ఉండటం మామూలే.

చిక్కంతా శబ్దంతోనే. టీవీ ఆప్టికల్ అవుట్ (డిజిటల్ శబ్దాన్ని కాంతిగా పంపే సాకెట్) నుంచి పాత 5.1 యాంప్లిఫయర్‌కి వైరు వెళ్తోంది. బాక్సులో ఆడియో డాల్బీ డిజిటల్ (5.1ని కుదించి పంపే పద్ధతి), టీవీలో డిజిటల్ అవుట్ ఆటో. డాల్బీ గుర్తున్న హెచ్‌డీ ఛానెల్ పెట్టినా యాంప్లిఫయర్ మీద పీసీఎం 2.0 (మామూలు రెండు ఛానెళ్ల స్టీరియో) అనే వస్తుంది, వెనక స్పీకర్లు మూగ. అదే టీవీలో పెన్‌డ్రైవ్ నుంచి 5.1 ఫైలు వేస్తే డాల్బీ దీపం వెలుగుతుంది, కాబట్టి వైరూ యాంప్లిఫయరూ బాగానే ఉన్నట్టు.

కొన్ని టీవీలు హెచ్‌డీఎంఐలో వచ్చిన 5.1ని ఆప్టికల్‌కి రెండు ఛానెళ్లుగా కుదించి పంపుతాయి. ఇది అదేనా, లేక టీవీ తనకు స్టీరియోనే చాలని చెప్పడంతో బాక్సే పీసీఎం ఇస్తోందా? విడిగా తేల్చే పద్ధతి ఏమైనా ఉందా? బాక్సు ఆప్టికల్‌ని నేరుగా యాంప్లిఫయర్‌కి ఇస్తే పెదాలకూ మాటకూ తేడా వస్తుందేమో, అలా వాడేవాళ్లు డిలే ఎన్ని మిల్లీసెకన్లు పెట్టారో చెప్పండన్నా.