పార్టిషన్ తీసేశాక గ్రబ్ రెస్క్యూ దగ్గరే ఆగిపోతోంది, సాయం చేయరూ?

పాత బయోస్ పద్ధతిలో ఆన్ అయ్యే లాప్‌టాప్‌లో విండోస్ 10, ఉబుంటు (లినక్స్) రెండూ ఉన్నాయి; ఆన్ చేయగానే ఏది తెరవాలో మెనూ చూపించే ప్రోగ్రామే గ్రబ్. నిన్న చోటు కోసం ఒక ఖాళీ లాజికల్ పార్టిషన్ (డిస్కులో విడిగా చేసిన భాగం) తీసేశాను, తొందరపాటు నాదే. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద 'నో సచ్ పార్టిషన్', కింద 'గ్రబ్ రెస్క్యూ', పక్కన మెరుస్తూ కర్సర్. గుండె జారిపోయింది!

పార్టిషన్లు చూపించే ఎల్‌ఎస్ కమాండ్ కొట్టి ఒక్కోటీ వెతికితే, ఇదివరకు 6వ పార్టిషన్‌లో ఉన్న ఉబుంటు ఇప్పుడు 5లో కనిపించింది. దాని ముందున్నది పోయేసరికి నంబర్లు జరిగినట్టున్నాయి. గ్రబ్ తన ఫైళ్ళను ఎక్కడ వెతకాలో చెప్పే ప్రిఫిక్స్, రూట్ సెట్టింగులు రెండూ 5కి మార్చి, 'ఇన్స్‌మాడ్ నార్మల్', ఆపైన 'నార్మల్' కొడితే మెనూ వచ్చింది, ఉబుంటు తెరుచుకుంది. కానీ ఆపి ఆన్ చేస్తే మళ్ళీ మొదటికే.

ఉబుంటులోంచి గ్రబ్-ఇన్‌స్టాల్ (గ్రబ్‌ని డిస్కులో మళ్ళీ రాసే కమాండ్) చేస్తే సరిపోతుందా, అప్‌డేట్-గ్రబ్ (మెనూని మళ్ళీ తయారుచేసేది) కూడా కావాలా? ఎస్‌డీఏ అని మొత్తం డిస్కు పేరే ఇవ్వాలి కదా? విండోస్‌లో ఉన్న ఫోటోలకి బ్యాకప్ లేదు, అందుకే ఎంటర్ నొక్కడానికి చెయ్యి రావట్లేదు.