ఇది కొరమీనా, పూమీనా? తోక మీది మచ్చను నమ్మవచ్చా?

కొత్తగాలం:
అందరికీ నమస్కారం. ఆదివారం సిద్దిపేట వైపు మా అత్తగారి ఊరి చెరువులో కప్ప లూర్‌కు (కప్పలా ఉండే నకిలీ ఎరకు) ఒక చేప పడింది. పొడవు 62 సెంటీమీటర్లు, బరువు రెండు కిలోల పైనే. వీపు ముదురు గోధుమ రంగు, పొట్ట తెలుపు, పక్కల ఏటవాలుగా చారలు. ఇంట్లో అందరూ కొరమీను అన్నారు. మా బావమరిది మాత్రం తోక మొదట్లో నల్లగా మరక ఉంది కాబట్టి పూమీను (కొరమీనులా కనిపించే ఇంకో చేప) అని పట్టుబట్టాడు. రెండు ఫోటోలు పెడుతున్నాను, కానీ తోక సరిగా రాలేదు. కోసే ముందు తెలుసుకుంటే బాగుండేది, ఆ పని అప్పుడే అయిపోయింది. తల, రెక్కలు మాత్రం ఫ్రిజ్‌లో దాచాను. తెలిసినవాళ్ళు చెప్పగలరా?

రెల్లుగడ్డి:
కొరమీనే.

మానేరువాసి:
ఒక్క మాటలో తేల్చే విషయం కాదు ఇది. తోక మొదట్లో, పైభాగాన, కన్ను లాంటి నల్ల మచ్చ, దాని చుట్టూ లేత రంగు వలయం ఉంటే అది పూమీను. మానేరులో, గోదావరిలో ఇరవై ఏళ్ళుగా గాలం వేస్తున్నాను. ఈ గుర్తు నన్ను ఎప్పుడూ మోసం చేయలేదు. పూమీను పెద్దదైతే పక్కల పొలుసుల మీద ముత్యాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తాయి, ఆ పేరు అందుకే వచ్చిందని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. తమ్ముడూ, నల్ల మరక ఉందని నువ్వే రాశావు. మరక ఉన్నాక కొరమీను ఎలా అవుతుంది?

గట్టుమీద_సాయిలు:
మాది చెరువు మీద బతికే ఇల్లు. తాత వల పట్టాడు, నాయన పట్టాడు, నేనూ పడుతున్నాను. ఆ ఫోటోలో ఉన్నది కొరమీను. తల చూడండి, పాము తలలా వెడల్పుగా, మొద్దుగా ఉంది. పూమీను తల ఇంకా సన్నగా సాగి ఉంటుంది. పైగా పూమీను నదుల్లో, డ్యాముల్లో లోతు నీళ్ళలో తిరిగే చేప. తుంగ మొలిచిన బురద చెరువుల్లో, పొలాల్లో దొరికేది కొరమీను. మా చెరువులో నా కళ్ళతో పూమీనును ఒక్కసారి కూడా చూడలేదు.

మానేరువాసి:
సాయిలు గారూ, మీరు చూడలేదు కాబట్టి లేదనడం ఎలా కుదురుతుంది? వాగు పొంగితే ఏ చేప ఏ చెరువులోకి ఎక్కుతుందో ఎవరికి తెలుసు? మచ్చ గురించి మీరు మాట్లాడలేదు. నేను అడిగింది మచ్చ గురించి.

భీమవరం_గట్లు:
ఈ చేపల విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. మూడేళ్ళ క్రితం ఇంటి వెనక చిన్న చెరువు తవ్వించి, కొరమీను పిల్లలని చెప్పి అమ్మిన ఒకాయన దగ్గర 2,000 పిల్లలు కొన్నాను. వేలెడంత ఉన్నప్పుడు అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆరు నెలలు మేపాక చూస్తే సగానికి పైగా జానెడు దగ్గరే ఆగిపోయాయి. అవి మట్టగిడసలు, కొరమీనులా కనిపించే చిన్న చేపలు. కొరమీను రేటు ఎక్కడ, మట్టగిడస రేటు ఎక్కడ! ఫోన్ చేస్తే "మీ నీళ్ళు మంచివి కావు" అన్నాడు. అప్పు ఇంకా తీరలేదు. అందుకే అంటున్నాను, మచ్చ, తల, రంగు అని కళ్ళతో చూసి చెప్పే ఏ మాటనూ నేను నమ్మను.

రెల్లుగడ్డి:
అన్నా, ఇక్కడ మట్టగిడస గురించి కాదు కదా అడిగింది.

భీమవరం_గట్లు:
అదీ ఈ జాతిదే. పోలికల్లో మోసపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి చెప్పాను.

పొలుసులలెక్క:
నేను ఫిషరీస్ చదివాను. భీమవరం గారి బాధ నిజమైనదే, అందుకే లెక్కపెట్టమంటాను. రంగు నీటిని బట్టి మారుతుంది. బురద నీళ్ళలో ముదురుతుంది, తేట నీళ్ళలో చారలు స్పష్టంగా కనిపిస్తాయి. రెక్కల్లో ఉండే సన్నటి పుల్లలు మాత్రం చేప పెరిగినా మారవు. కొరమీనుకు వీపు రెక్కలో సాధారణంగా 38 నుంచి 43, కింద తోక వైపు ఉండే పొడవు రెక్కలో 23 నుంచి 27 ఉంటాయి. పూమీనుకు వీపు మీద 45 నుంచి 55, కింద 28 నుంచి 36. మట్టగిడసకు వీపు మీద 29 నుంచి 32 మాత్రమే. పక్కన వరసలో పొలుసులు కొరమీనుకు 50 నుంచి 57 అయితే పూమీనుకు 60 నుంచి 70, మట్టగిడసకు 40 లోపే.

ఇక మచ్చ సంగతి. మానేరువాసి గారు చెప్పిన గుర్తు పూమీను పిల్లల్లో చాలా బాగా కనిపిస్తుంది, పెద్దవాటిలో వలయం మాసిపోవచ్చు. మరోవైపు చిన్న కొరమీనుకు కూడా వీపు రెక్క చివర కన్ను లాంటి మచ్చ ఉంటుంది. రెక్క ముడుచుకుంటే అది తోక మీద ఉన్నట్టే అనిపిస్తుంది. కాబట్టి మచ్చ ఒక్కటే చూసి చెప్పలేం. కొత్తగాలం గారూ, రెక్కలు దాచానన్నారు కదా, పుల్లలు లెక్కపెట్టి చెప్పండి.

మానేరువాసి:
గాలం వేసేవాడు గట్టు మీద నిలబడి పుల్లలు లెక్కపెడతాడా? చేప చేతిలో కొట్టుకుంటుంటే 41 అని ఎవరు లెక్కించగలరు? పుస్తకంలో రాసింది మీరు చెప్పారు, సంతోషం. నీళ్ళ దగ్గర పనికొచ్చేది కంటికి కనిపించే గుర్తే.

పొలుసులలెక్క:
చచ్చిన చేప రెక్కలు ఫ్రిజ్‌లో ఉన్నాయి సార్. ఇప్పుడు లెక్కపెట్టడానికి ఏ ఇబ్బందీ లేదు. నీళ్ళ దగ్గర పనికొచ్చే గుర్తు ఇంకొకటి కూడా ఉంది. ఈ వానాకాలం వీటికి పిల్లల కాలం. కొరమీను పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో గుంపుగా తిరుగుతాయి. పూమీను పిల్లలు నల్లగా ఉండి, పక్కన నారింజ గీత ఉంటుంది. కొత్తగాలం గారూ, మీరు చేప పట్టిన చోట అలాంటి గుంపు ఏదైనా కనిపించిందా?

కొత్తగాలం:
మేడమ్, ఇప్పుడే టార్చ్ వేసుకుని లెక్కపెట్టాను. వీపు రెక్కలో 41, కింద రెక్కలో 26.

గుంపు కనిపించింది. తుంగ పక్కన నీళ్ళు వాన చినుకులు పడుతున్నట్టు కదులుతుంటే చూశాను, ఎర్రటి పిల్లలు గుప్పెడు కుంకుమ చల్లినట్టు పైకొచ్చి మళ్ళీ మునుగుతున్నాయి. అక్కడ పెద్ద చేప ఉంటుందని వీడియోల్లో విన్నాను. గుంపు మీదుగానే లూర్ లాగాను, రెండోసారికే కొట్టింది.

పొలుసులలెక్క:
అయితే కొరమీనే, సందేహం లేదు. కానీ మీరు పట్టింది పిల్లల్ని కాస్తున్న చేపను.

గట్టుమీద_సాయిలు:
నేను మొదటి రోజే అడగాల్సింది. ఏ చెరువు, ఎవరిని అడిగి వేశావు? పిల్లల గుంపు మీద గాలం లాగితే ఆ చేప ఆకలితో కొట్టదు, పిల్లల్ని కాపాడుకోవడానికి కొడుతుంది. తల్లో తండ్రో, నువ్వు ఎత్తుకుపోయాక ఆ ఎర్ర పిల్లల్ని గంటలో మిగతా చేపలు, కొంగలు ఏరుకుని తింటాయి. నువ్వు పట్టింది ఒక్క చేప కాదు. వచ్చే ఏడు పెరిగి మాలాంటివాళ్ళ వలలో పడాల్సినవన్నీ అక్కడే పోయాయి.

కొత్తగాలం:
నాకు అది తెలియదు అన్నా. నిజంగా తెలియదు. కానీ మీరు వలేస్తే చెరువంతా ఊడ్చుకుపోతారు కదా. నేను పట్టింది ఒక్కటి. అందరూ నా మీద పడటం న్యాయమేనా?

గట్టుమీద_సాయిలు:
మేము ఊడుస్తాం అన్నావు. విను. ఇలాంటి ఊరి చెరువులకు మత్స్యకారుల సంఘం ఉంటుంది, సభ్యులు ఉంటారు, ప్రభుత్వానికి కట్టేది కట్టి వల వేస్తాం. 2016 నుంచి సర్కారు ఉచితంగా పిల్లల్ని వదులుతోంది, అవి బొచ్చె, రవ్వ, బంగారు తీగ లాంటివి. కొరమీను అలా వదిలింది కాదు, చెరువులో దానంతట అది పుట్టేది. మార్కెట్లో అన్నిటికన్నా ఎక్కువ ధర పలికేది కూడా అదే. తెలంగాణ రాష్ట్ర చేప అని పేరు పెట్టారు, బాగుంది, కానీ దాన్ని కాపాడేది మేమే. మా నాయన ఎర్ర గుంపు కనిపిస్తే వలను పక్కకు తిప్పేవాడు. నేనూ తిప్పుతాను. పట్నం నుంచి బైకుల మీద వచ్చి, ఒక రీల్ వేసి, ఫోటో దిగి వెళ్ళేవాళ్ళకు ఆ గుంపు అంటే ఇక్కడ చేప ఉందని చెప్పే గుర్తు. మాకు అది వచ్చే ఏటి బువ్వ.

మానేరువాసి:
సాయిలు గారూ, నేను కూడా గాలం వేసేవాడినే, నన్నూ ఆ లెక్కలో కట్టకండి. మేము నదిలో వేస్తాం, నది ఎవరి సంఘానిదీ కాదు. పిల్లల గుంపు మీద వేయకూడదన్నది నిజం, నేనూ వేయను. కానీ ఊరి చెరువులో గాలం వేయడమే తప్పు అంటే ఒప్పుకోను. మా చిన్నప్పుడు వెదురు కర్ర, బెండు, వానపాము గుచ్చిన గాలం పట్టుకుని ప్రతి పిల్లవాడూ చెరువు గట్టునే ఉండేవాడు. ఎవరూ ఆపలేదు.

గట్టుమీద_సాయిలు:
వెదురు కర్రకు పరకల్లాంటి చిన్న చేపలు పడేవి. ఊరి పిల్లలు పట్టుకుంటే ఎవరూ అనరు. రెండు కిలోల కొరమీను కోసం మూడు వేల రాడ్ తెచ్చేవాళ్ళ సంగతి నేను అంటున్నాను. ఊరివాళ్ళు కానివాళ్ళు ఒకసారి అడగాలి. ఇంతే.

భీమవరం_గట్లు:
నిజం చెప్పాలంటే నాకు ఇప్పుడు కడుపు రగిలిపోతోంది. నేను డబ్బు పోసి కొన్నా దొరకని కొరమీను పిల్లలు అక్కడ ఊరికే తిరుగుతున్నాయి, వాటిని కాసే చేపను కోసేశారు. మృగశిర నాడు హైదరాబాద్‌లో చేప మందుకు ఒక్కో పిల్లను ఎంత పెట్టి కొంటారో చూడండి.

పొలుసులలెక్క:
ఒక్క మాట చెబుతాను. గుర్తుపట్టడం గురించి మనం చేప చేతికొచ్చాక చేసే పనిలా మాట్లాడుతున్నాం. ఈ కాలంలో గాలం వేయకముందే గుర్తుపట్టాలి. నీళ్ళ మీద ఎర్ర గుంపు కనిపిస్తే అది కొరమీను, కింద పెద్దది కాపలా ఉంది, అక్కడ వేయకూడదు. పొరపాటున పడినా అక్కడికక్కడే, అదే గుంపు దగ్గర వదలాలి. ఇది గాలి పీల్చే చేప, రెండు నిమిషాలు బయట ఉన్నా చచ్చిపోదు. ఇంకో మూల వదిలితే మాత్రం పిల్లలకు ఉపయోగం లేదు.

రెల్లుగడ్డి:
ఈ ముక్క పైన పిన్ చేయమని అడ్మిన్ గారిని అడుగుతున్నాను.

కొత్తగాలం:
నాలుగు రోజులుగా రాయలేదు, బాధగా ఉండి. ఈ ఉదయం చెరువు దగ్గరికి వెళ్ళాను, రాడ్ తీసుకెళ్ళలేదు. తుంగ పక్కన గంటన్నర కూర్చున్నాను. ఎర్రగా ఏమీ కనిపించలేదు. సాయిలన్నా, ఊడుస్తారు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది మా అత్తగారి ఊరే కానీ సంఘం వాళ్ళు ఎవరో నాకు తెలియదు. ఎవరితో మాట్లాడాలి?

గట్టుమీద_సాయిలు:
జంటలో రెండోది బతికి ఉంటే గుంపును తూము వైపు నాచులోకి తీసుకుపోయి ఉండొచ్చు. ఒక్కటి కూడా కొన్నిసార్లు కాస్తుంది. ఎండ ఎక్కకముందు చూడాలి, ఎక్కాక కిందికి దిగుతాయి. ఊరి పేరు నాకు విడిగా మెసేజ్ చెయ్యి, అక్కడి సంఘంలో మా వియ్యంకుడి తరఫువాళ్ళు ఉన్నారు. వాళ్ళు సరే అన్నాకే రాడ్ తియ్యి, అదీ వానలు వెనక్కి తగ్గాక.

మానేరువాసి:
41, 26 అని లెక్క వచ్చింది కాబట్టి కొరమీను అని ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మరక ఏమిటో ఇంకా తేలలేదు. తోక ఇంకా ఉంటే పగటి వెలుతురులో ఒక ఫోటో తీసి పెట్టు తమ్ముడూ.